అమ్మవారి చెంప

“ఈ బొటనవేలు నిద్రపోతాందప్పా. రాయి గీరుకున్నా నొప్పి ల్యాదు, పుండు మాత్రం మానదు,” అంది కాళమ్మ, విగ్రహాలు చూడ్డానికొచ్చిన నాకు వేలికి చుట్టిన గుడ్డ చూపిస్తూ.

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలను నునుపు చేసే మనిషి ఆమె. కళ్లు మూసుకుని ఆ వేలితో నిమిరితేనే పని పూర్తయినట్టు. నిరుడు ఉలి జారి అందులో నరం తెగింది.

“దెబ్బ తగిలితే నరం గూడా కేకేస్తాదంట. ఆ కేక ఇని రక్తంలో ఉండే కాపలావాళ్లు వస్తారంట. నంద్యాల డాక్టరు చెప్పినాడు. నా వేల్లో పిలిచేటోళ్లు ల్యారు.”

“ఎడమచేత్తో చూడకూడదా అమ్మా?” అన్నాను.

“దానికేం తెలుసు పాపం.”

షెడ్డులో అమ్మవారి విగ్రహం కడిగిన తడి ఆరుతూ, నిద్రలో నవ్వుతున్నట్టుంది. తెల్లారితే బండెక్కుతుంది.

“ఇంతసేపు నా మాట ఇన్నావు గదా. పోయి కండ్లు మూసుకోని ఆమె చెంప నిమిరి రాప్పా. యాడన్నా గరుకుంటే చెప్పు.”