ఎలుకలకు అలవాటైన చెయ్యి

అరుంధతికి చిన్నప్పటినుంచీ ఎలుకంటే చచ్చేంత భయం. తెనాలిలో ఉన్నన్నాళ్లూ బియ్యం డబ్బా వెనక తోక కనిపిస్తే చాలు, కుర్చీ ఎక్కేసేది. అలాంటి మనిషి, కంగారు పడినప్పుడు ఒంట్లో ఊరే హార్మోను మీద పీహెచ్‌డీ చేస్తానని ఢిల్లీ వచ్చింది. అదీ ఎలుకల మీద! ధైర్యమనాలో మొండితనమనాలో ఇంట్లోవాళ్లకి తెలియలేదు.

బేర్ సరాయ్ సందులో ఓ ఇరుకు గది, మెస్‌లో రోజూ అదే రాజ్మా, పొద్దున్నే నడిచి వెళ్లే పరిశోధన సంస్థ. ఇప్పుడు అదే ఢిల్లీలో, సాకేత్‌లో పదో అంతస్తులో కూర్చుని తలుచుకుంటే, ఆ రాజ్మా మీద కూడా ఆమెకి ప్రేమ పుట్టుకొస్తుంది.

ప్రయోగం చెప్పుకోవడానికి తేలికే. సగం ఎలుకల్ని కాసేపు గొట్టంలో బిగించి కంగారు పెట్టాలి. మిగతా సగాన్ని హాయిగా వదిలెయ్యాలి. రెండు గుంపుల రక్తంలోనూ హార్మోను కొలిచి తేడా చూడాలి. నాలుగు నెలలు చేసింది. హాయిగా ఉండాల్సినవాటికి కూడా హార్మోను ఆకాశంలోనే ఉంది. ఇంకో నెల చూస్తానని, ఆపైన ఇంటికి టికెట్ కొనుక్కోమని గైడు చెప్పేశాడు.

ఎలుకల గది చూసుకునేది మాణిక్యం. విజయనగరం వైపు మనిషి. సైన్యంలో పదిహేనేళ్లు చేసి, ఆ తర్వాత అక్కడ పంజరాలు కడిగే పనిలో కుదిరాడు. సంస్థలో అందరికీ భయ్యా. ఓ రోజు అరుంధతి బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే పక్కకొచ్చి నిలబడ్డాడు.

“పెంటికలు సూసినారా అమ్మా?”

ఆమెకి ఒళ్లు మండింది. బతుకు బండలవుతుంటే ఈయనకి పెంటికలు కావాలా?

“నాను ఎత్తితే ఒక్కటీ ఎయ్యవు. తవరు ఎత్తితే బల్లంతా పెంటికలే. తవరు బయపడతన్నారు. ఆటికి తెలిసిపోతంది,” అన్నాడు.

మర్నాటినుంచి పాఠం మొదలు. రోజూ పొద్దున్నే ఒక్కో ఎలుకనీ అరచేతిలో పెట్టించి, కదలకుండా నిలబెట్టేవాడు. మూడో రోజు ఒకటి కోటు చేతిలోకి దూరితే ఆమె వేసిన కేకకి రెండు ప్రయోగశాలలవాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఏడో రోజుకి అదే ఎలుక ఆమె మోచేతి వంపులో నిద్రపోయింది. ఎనిమిదో రోజు కోసి రక్తం తీస్తే, హాయిగా ఉండాల్సినవాటి హార్మోను బుద్ధిగా కిందకి దిగింది. ఆ రోజు మాణిక్యం డ్యూటీకి రాలేదు. ఆ తర్వాత కూడా ప్రతి ఎనిమిదో రోజూ సెలవే. తాగి పడుకుంటాడేమో అనుకుంది అరుంధతి.

ఆ ఏడు రోజుల మచ్చిక పద్ధతి ఆమె పేరు మీదే చెలామణీ అయింది. దాని వెంట ఉద్యోగం వచ్చింది, సొంత ప్రయోగశాల వచ్చింది, ముక్కులో చుక్కలుగా మందు వేసి తిన్నగా మెదడుకు చేర్చే పరిశోధన వచ్చింది. థీసిస్ చివర కృతజ్ఞతల్లో గైడున్నాడు, నిధులిచ్చినవాళ్లున్నారు, బేర్ సరాయ్‌లో టైపు కొట్టిపెట్టిన సర్దార్జీ కూడా ఉన్నాడు. మాణిక్యం లేడు. పంజరాలు కడిగేవాడు చెప్పాడంటే నవ్వుతారని సిగ్గుపడింది. నిజం అంతే.

ఇప్పుడు రిటైర్మెంటుకి రెండు నెలలుంది. ఆఖరి వ్యాసం పంపబోతూ ఆమె విద్యార్థిని హారిక, “మ్యామ్, థ్యాంక్స్ మే కిస్ కిస్ కా నామ్?” అని అడిగింది. తెలుగు అర్థమవుతుంది గానీ హారిక నోట వచ్చేది హిందీయే. కృతజ్ఞతల్లో ఎవరెవరి పేర్లని ఆ పిల్ల అడగ్గానే అరుంధతికి మాణిక్యం గుర్తొచ్చాడు. ఆదివారం నాడు ఢిల్లీ కంటోన్మెంట్‌లో మాణిక్యం ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన అల్లుడు హవల్దారు. ఆ క్వార్టర్స్‌లోనే ముసలాయన ఉంటున్నాడు.

టీ చల్లారిపోయేదాకా ఆగి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. క్షమించమని అడిగింది.

మాణిక్యం తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

“పేరు ఎయ్యకపోడమే మంచిదయ్యిందమ్మా. ఏడు రోజులు ఈ సేతుల్లో నిద్దరపుచ్చినాను. ఎనిమిదో నాడు ఆటిని కోసేస్తారని తెలుసు. అందుకే రాలేకపోయీవోణ్ని. ఆ కాయితం మీద నా పేరు సూడలేను.”

ముప్పై ఎనిమిదేళ్లుగా తాగుబోతనుకున్న మనిషి ముందు అరుంధతికి తల ఎత్తడం కష్టమైంది. కళ్లు తుడుచుకుని మెల్లగా అంది.

“ఈసారి ఒక్కదాన్నీ కొయ్యలేదు భయ్యా. ముక్కులో చుక్కలు వేసి, రోజూ పెంటికలు ఏరి వాటిలో హార్మోను కొలిచాం. మందు పనిచేసింది.”

“అచ్ఛా! మరి ఎలుకలేటయినాయి?”

“పంజరాల్లోనే ఉన్నాయి. తిని ముసలివైపోతున్నాయి.”

ఆయన పళ్లు లేని నోటితో పకపకా నవ్వాడు. “పెంటికలు ఏరడానికి ఇంత సదువు కావాలేటమ్మా! ఠీక్ హై. దీన్లో ఎయ్యండి నా పేరు.”

అరుంధతి డైరీ తీసి, మాణిక్యం అని రాసింది. అక్కడ కలం ఆగిపోయింది.

“మీ ఇంటిపేరేమిటండీ, మాణిక్యం గారూ?” అని సిగ్గుతో అడిగింది.

“ఇజ్జిరోతు,” అన్నాడాయన, పరేడ్‌లో పేరు పిలిచినట్టు నిటారుగా కూర్చుని.