సగం ముద్ద

కరువులో అధికమాసం అన్నట్టు, చెనిక్కాయ విత్తనం భూమిలోనే మాడిపోయిన ఏడాది నాకు నెల తప్పింది. అరవైల నడిమి మాట. బెళుగుప్పకు అవతల పల్లె మాది. ఊరంతా కరువు పనికి పోయి రోడ్డుకు కంకర కొట్టేది. నేనూ కొట్టాను. వేవిళ్లప్పుడు ఏదీ సయించలేదు. సయించే నాటికి ఇంట్లో ఏదీ లేదు.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి ఆ భారం అత్త మీద పడింది. భారమని ఆమె ఏనాడూ అనుకోలేదు. కంకర గంప నన్ను ఎత్తనివ్వకుండా తన గంపతో పాటు నాదీ మోసేది. ఒక్క తిండి దగ్గరే ఆమె మనసు రాయి. ఐదో నెలలో బిడ్డ మొదటిసారి కదిలింది. సమ్మెట పక్కన పెట్టి అట్లే కూర్చుండిపోయాను. సాయంత్రం చెబితే అత్త ముఖం వెలిగిపోయింది. ఆ వెలిగిన ముఖంతోనే నా పళ్లెంలోని రాగి సంగటి ముద్దను రెండుగా విరిచి సగం తీసేసింది.

"ఆకలైతాంది అత్తా" అన్నాను.

"అయితాదిమ్మే, ఓర్చుకో. నువ్వు కడుపు నిండా తింటే బిడ్డకు జాగా యాడుంటాది? కూడూ బిడ్డా ఉండేది ఒగే సంచిలో. బిడ్డ లావైతే బయటికి రాదు."

తీసిన సగం మగవాళ్ల పళ్లేల్లోకి పోయేది. వాళ్ల కడుపుల్లో జాగాకు ఎప్పుడూ కొదవ లేదు.

అయినా ఆమెను తిట్టడానికి నాకు నోరు రాలేదు. నేను ఆ ఇంటికి రాకముందు, వానలు బాగా పడిన ఏడాది, ఆమె కూతురు కాన్పుకొచ్చింది. పప్పు, నెయ్యి, చెనిక్కాయ ఉండలు, ఏదడిగితే అది చేసి పెట్టింది. నొప్పులొచ్చాక బిడ్డ ఇరుక్కుపోయింది. ఉరవకొండకు ఎద్దులబండి కట్టారు. దారిలోనే తల్లీ, లోపలి బిడ్డా ఇద్దరూ పోయారు. "నేనే తినిపించి సంపుకున్యా" అని ఆమె కంకర కుప్ప నీడన కూర్చుని నాకు చెప్పింది. అప్పుడు ఆమె కళ్లలో నీళ్లు కూడా లేవు.

ఏడో నెలలో ఉరవకొండ ఆస్పత్రికి పోయాం. నర్సమ్మ నా పొట్ట తడిమి చూసి అత్తను గట్టిగా కోప్పడింది. బిడ్డ ఉండే సంచి వేరు, కూడు పోయే సంచి వేరు అంది. మూడో నెలకే బిడ్డ వేళ్లు విడివడతాయట. ఇప్పుడు కళ్లు తెరుస్తుందట, మన మాటలు కూడా వింటుందట.

"అన్నీ తయారైనాయి. ఇంక కండ పట్టాల, దానికి ఈ రెండు నెలలే కాలం. ఈమె తింటేనే అది తింటాది" అంది.

నా గొంతు వింటుందన్న మాటకు ఒళ్లు పులకరించింది. బస్సులో దారి పొడుగునా పెదాలు కదిలీ కదలకుండా దాంతో మాట్లాడుతూనే ఉన్నాను. పక్కన అత్త మాత్రం, "ఆయమ్మకేం, ఎన్నైనా చెప్తాది. కన్నబిడ్డ బండిలో సచ్చింటే తెలిసేది" అంది. దాంతో నర్సమ్మ మాటలకు విలువ లేకుండా పోయింది.

ఇంట్లో మళ్లీ సగం ముద్దే. కంకర దగ్గర ఎర్రమట్టి వాసనకు నోరూరేది. చిన్న బెడ్డ నోట్లో వేసుకుని చప్పరించేదాన్ని. లోపల బిడ్డ తన్నేది. కూడు అడుగుతోందని నాకు తెలుసు. "రవ్వంత ఓర్చుకో నాయనా" అనేదాన్ని. తొమ్మిదో నెలలో తన్నులు తగ్గాయి. "బుద్ధిగా ఉండాది" అని అత్త సంతోషించింది. నాకు మాత్రం భయమేసింది.

కాన్పు అత్త చెప్పినట్టే సులువుగా అయింది. ఆడపిల్ల. నర్సమ్మ చెప్పినవన్నీ ఉన్నాయి. వేళ్లు, గోళ్లు, రెప్పల వెంట్రుకలు, చెవుల మడతలు. కండ ఒక్కటే లేదు. పెద్దవాళ్ల చొక్కా తొడిగినట్టు చర్మం వదులుగా వేలాడింది. అత్త నా తల నిమిరి, "బతికినావు తల్లీ" అని భోరున ఏడ్చింది. ఆమెకు కావలసింది అదే. నాకు కావలసింది నా ఒళ్లో ఉంది, దానికి పాలు చీకే సత్తువ లేదు. నేను మాట్లాడితే మాత్రం తల నా వైపు తిప్పేది. నా గొంతు గుర్తుపట్టింది. పురుడు నీళ్లు పోయకముందే పోయింది.

మామ దాన్ని గుడ్డలో చుట్టి చేను గట్టుకు తీసుకుపోయాడు. ఆ పూట అత్త నా ముందు పళ్లెం పెట్టింది. నిండు ముద్ద. పక్కన ఊరిబిండి పచ్చడి, పైన ఎక్కడ దాచిపెట్టిందో ఇంత నెయ్యి.

"తిను తల్లీ. ఇంక ఎంతైనా తినొచ్చు" అంది.

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. పళ్లెం విసిరికొట్టాలనుకున్నాను, ఆకలి ఒప్పుకోలేదు. ఏడుస్తూనే ముద్దంతా తిని, ఇంకొంచెం పెట్టమని అడిగాను.