మేకు ఆటలో ఇంగ్లండు రాణి

నిన్న మా మనవరాలు ఫోనులో రాజ్యాలు కట్టే ఆటకు కూర్చుని, "తాతా, ఎవుర్ని ఏరుకుందాం?" అనింది. ఇంగ్లండు రాణి, రోము చక్రవర్తి, ఫ్రాన్సు సేనాపతి వరసగా నిలబడి ఉండారు.

మా ఈడు వాళ్ళకు మేకు ఆట గుర్తుండాదా? వాన నిలిచినాక తడిమన్నులో గుండ్రంగా గీసి, తలా ఒక రాజ్యం పంచుకునేది. విసిరిన మేకు ఎదుటివాడి నేలలో గుచ్చుకుంటే అంతమేర కోసుకునేది. కాలు పెట్టే జాగా మిగలనోడు ఓడినట్టు.

పెనుకొండ పక్కన మా ఊరి బడిలో సోషల్ పుస్తకంలో బొమ్మలు చూసి యూరప్ రాజులను ఏరుకునేవాళ్ళం. ఏరుకునేదానికి మేకు తెచ్చినోడిదే మొదటి వంతు. నేను నోరు విప్పేవాణ్ణి కాదు. అందరూ ఏరుకోగా మిగిలిన ఇంగ్లండు రాణి నాకు. "ఏమప్పా రాణీ, గాజులు యాడ?" అని నా పక్కన కూర్చునే ఓబులేసు రోజూ ఎగతాళి చేసేవాడు.

ఒకరోజు రోషమొచ్చి, గోడకు నాయన చొక్కా తగిలించే మేకు పీక్కుని పోయినా. రోము చక్రవర్తి అని చెప్పాలనే పోయినా. అందరూ నా మొగమే చూస్తాంటే సిగ్గుకు అలవాటైన మాటే వచ్చింది.

"రాణి."

పగలబడి నవ్వినారు. రోము ఓబులేసు తీసుకున్యాడు.

నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. తల వంచుకునే మేకు విసిరినా. ఒక్కసారీ గురి తప్పలేదు. రోమంతా కోసేసినా. ఓబులేసు ఒంటికాలి మీద నిలబడి, "రోంత జాగా ఇయ్యబ్బా" అన్యాడు.

"రాణమ్మా అని అడుగు" అన్నా.

అడిగినాడు. ఇచ్చినా.