వచ్చినవాళ్లే చెప్పాలి

ఆవిడ చేతి మందు తాగారు గానీ, ఆవిడ చేతి మంచినీళ్లు తాగలేదు మీరు. అవును, మిమ్మల్నే అంటున్నాను. మంగళవారం పొద్దున నందిగామలో డాక్టరమ్మ పోయారని బస్సు కండక్టరు చెప్పేసరికి, జగ్గయ్యపేట బస్టాండులో నిలబడి "అయ్యో, దేవత" అన్నదీ మీరే. దేవత అనటం సుళువు. దేవతకి మీ ఇంట్లో కుర్చీ వెయ్యక్కర్లేదు, దేవత ఇంట్లో కాఫీ తాగక్కర్లేదు.

ఆవిడ పుట్టింది కూలి చేసుకు బతికే క్రైస్తవుల ఇంట్లో. మిషను వాళ్ల సాయంతో డాక్టరు చదువు చదివి, మనసు వైద్యం కూడా కొంత నేర్చుకొచ్చి, నందిగామలో రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. ముందు గది జ్వరాలకీ కాన్పులకీ. వెనక గదిలో రెండు కుర్చీలు, ఒక కిటికీ, ఒక నీళ్ల కూజా. మీరు "పిచ్చి గది" అని పేరు పెట్టింది దానికే.

మన దగ్గర ఒక మనిషికి మనసు బాగాలేదంటే బండెడు జనం వెంట వస్తారు. అత్త, ఆడపడుచు, పెదనాన్న, ఊరి పెద్దమనిషి. ఆ మనిషి తప్ప అందరూ మాట్లాడతారు. డాక్టరమ్మ అందరికీ దణ్ణం పెట్టి, బాధపడుతున్న మనిషి వైపు తిరిగి ఒకటే అడిగేవారు: "వీళ్లలో ఎవరుండాలి, ఎవరు వెళ్లాలి? మీరు చెప్పండి." కండువాలు విదిలించుకుంటూ లేచిపోయినవాళ్లు ఎంతమందో. "పిచ్చిదాన్ని పట్టుకుని అడుగుతుందేంటయ్యా, ఈవిడకేమైనా పిచ్చా?" అని వీధంతా వినబడేట్టు అన్నారు.

మా అక్క కూతుర్ని తీసుకెళ్లిన రోజు నేనున్నాను. పిల్లని పెనుగంచిప్రోలులో ఇచ్చాం, మిరప తోటలున్న కుటుంబం. తొలికాన్పు, ఆడపిల్ల పుట్టింది. బాలింత నీళ్లు తాగితే ఒంటికి నీరు పడుతుందని పూటకో గ్లాసుడు వేణ్ణీళ్లతో సరిపెట్టి, వెల్లుల్లి కారం అన్నం పెట్టారు. ఎండాకాలం. ఓ మధ్యాహ్నం ఆ పిల్ల కొట్టంలోకి వెళ్లి గేదెల తొట్టిలో మూతి పెట్టి తాగింది. దయ్యం పట్టిందన్నారు. వేపమండలతో కొట్టారు. అప్పటికే దానికి నిద్ర లేదు. చంటిది పక్కలో హాయిగా పడుకునున్నా, బావిలోంచి పసిబిడ్డ ఏడుపు వినబడుతోందనేది. దాంతో బిడ్డని లాగేసుకున్నారు. డాక్టరు చేత పిచ్చి అని రాయించుకుంటే కోర్టుకెక్కి విడాకులు పుచ్చుకుని, కొడుక్కి మళ్లీ పెళ్లి చెయ్యొచ్చని వాళ్ల ఎత్తు.

"ఇదుగో, ఇది అన్నం తినదు, నిద్రపోదు," అని పిల్ల అత్తగారు మొదలెట్టింది.

డాక్టరమ్మ పిల్లనే చూస్తున్నారు. "ఎవరుండాలమ్మా?"

పిల్ల తలెత్తకుండానే అంది, "అందరూ పొండి."

"నేను మామయ్యనే!" అన్నాను.

"నువ్వూ పో మామయ్యా. ఉపన్యాసాలిస్తావు."

డాక్టరమ్మ నవ్వారు. పిల్ల ఆవిడ వైపు తిరిగి, "మీరు కూడా," అంది.

ఆవిడ లేచారు. కూజాలో నీళ్లు గ్లాసులోకి వంచి పిల్ల కుర్చీ పక్కన పెట్టి, లోపల కనబడేటట్టు తలుపు ఓరగా వేసి, వచ్చి మాతోబాటు అరుగు మీద కూర్చున్నారు.

"మా ఇంటి కోడలికి ఈవిడ నీళ్లు పెడుతుందా!" అని అత్తగారు లేచింది.

"తాగుతోంది లెండి," అన్నారు డాక్టరమ్మ. "పిలుస్తుంది. పిలిచేదాకా అది ఆ అమ్మాయి గదే."

పిలిచింది. లోపలి మాటలు తర్వాత పిల్ల చెబితేనే నాకు తెలిశాయి. బావిలో ఏడుపు సంగతి చెప్పి, "అబద్ధమంటారా మీరూ?" అని గదమాయించిందట. "మీకు వినబడుతోంది, అది నిజం. నాకు వినబడట్లేదు, అదీ నిజమే. ఎప్పుడు ఎక్కువవుతోందో మీరు చూడండి. ఏం చెయ్యాలో ఇద్దరం ఆలోచిద్దాం," అన్నారట డాక్టరమ్మ. నిద్ర లేనినాడు ఎక్కువవుతోందని పిల్లే పట్టుకుంది. నిద్రకి మందు వేసుకుంటానంది. బిడ్డ తన దగ్గరే ఉండాలంది. అత్తవారింటికి వెళ్లను, అమ్మ దగ్గరుంటానంది. ఇవన్నీ డాక్టరమ్మ ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకునే మాకు చెప్పారు. చాటుగా ఒక్క ముక్క లేదు.

"పిచ్చి అని రాసివ్వండి చాలు," అన్నాడు పిల్ల మామగారు.

"మీ కోడలు ఒప్పుకుంటే, ఆవిడ చెప్పిందే రాస్తాను. దాహమేస్తే నీళ్లివ్వలేదని, కొట్టారని. రాయమంటారా?"

మామగారు చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. వారం తిరక్కుండా బిడ్డ తల్లి ఒళ్లోకి వచ్చింది.

ఏడుపు పూర్తిగా ఆగిపోయిందని అబద్ధం రాయను. ముసురు పట్టిన రోజుల్లో ఎప్పుడైనా వినబడుతుందంటుంది. కూతురి మీద చెయ్యేసుకుని పడుకుంటుంది. "ఇదేం నయమవటమండీ?" అని డాక్టరమ్మని ఓసారి నిలదీశాను. "నన్నడుగుతారేంటండీ? నయమయిందో లేదో వచ్చినవాళ్లే చెప్పాలి గదా," అన్నారు. ఈ తాలూకాలో నన్ను వాదనలో నోరు మూయించింది ఆవిడొక్కరే.

ఇప్పుడు ఆదివారం సంతాప సభట. అధ్యక్షుడెవరనుకున్నారు? ఆ మామగారే! ఆ వెనక గదిని మిర్చి బస్తాలు వేసుకోటానికి అద్దెకడుగుతున్నాడని కూడా విన్నాను. అందుకని రాస్తున్నాను. బతిమాలటం కాదు, అడగటం.

బాలింతకి అడిగినన్ని నీళ్లివ్వండి.

మనసు బాగాలేనివాళ్లని కొట్టటం, కట్టెయ్యటం, వాతలు పెట్టటం ఆపండి.

మనిషిని ఎదురుగా పెట్టుకుని, లేనట్టుగా మాట్లాడకండి.

పెళ్లాన్ని వదిలించుకోటానికి పిచ్చి కాయితం అడిగేవాడికి ఏ డాక్టరూ, ఏ ప్లీడరూ సాయం చెయ్యొద్దు.

ఆ గదిలో బస్తాలు వెయ్యొద్దు. ఇంకో డాక్టరు వచ్చేదాకా కుర్చీలు కదపొద్దు.

ఆదివారం సభలో మొదట మాట్లాడేది మా అక్క కూతురు, తన కూతుర్ని పక్కన నిలబెట్టుకుని. అధ్యక్షుడు మధ్యలో లేవకుండా చివరిదాకా వినాలి.