నడుం పట్టీ గురించి ఆడిన అబద్ధం

ఆరేళ్లు మోశాను ఈ మాటను. ఇంట్లో కూడా చెప్పలేదు. ఈరోజు బయటపెట్టాను. అప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. మీకూ చెప్పకుండా ఉండలేను.

నేను మెదక్‌లో ఒక బియ్యం గోదాములో హమాలీని. ఆరేళ్ల కిందట ఒక కంపెనీ వాళ్లు, వాడి చూడమని నడుం పట్టీ ఒకటి ఇచ్చిపోయారు. భుజాలకూ తొడలకూ బిగించుకోవాలి. వీపు మీద సాగే పట్టీలుంటాయి; వంగి లేచేటప్పుడు నడుము మీద భారం తగ్గిస్తాయట. అందరం నవ్వాం. గట్టిగా నవ్వింది నేనే.

అందరూ అన్నాలకు వెళ్లాక బస్తాల చాటున తొడుక్కున్నాను. ఒక బస్తా పట్టుకోవడానికి వంగాను. లేచాను. వెనక నుంచి ఎవరో పట్టి లేపినట్టయింది! నమ్మలేక ఇంకో బస్తా, మళ్లీ ఇంకోటి ఎత్తాను. ఒక్కణ్ణే నవ్వుకున్నాను. అడుగుల చప్పుడు వినిపించగానే విప్పేశాను.

ఎందుకు విప్పాను? మా హమాలీల ముఠాలో గట్టివాణ్ణని పేరు. రామాయంపేట లారీ డ్రైవర్లు కూడా నన్ను చూపించి మాట్లాడుకునేవారు. ఆ పేరు కోసమేనా? ఆ పేరు కోసమే.

నాతో జోడీగా బస్తాలెత్తే యాదగిరికి అప్పటికే నడుము నొప్పి. పట్టీ చేతిలోకి తీసుకున్నాడు.

"గిది పనికొస్తదంటవా అన్నా? నడుము మస్తు గుంజుతుంది."

"ఏసుకొని చూసిన తమ్మీ. తొడలు కోస్తది, ఊపిరాడది. దమ్ము లేనోళ్లకు గది."

"నువ్వే అన్నంక ఇంకేంది" అని పక్కన పెట్టేశాడు.

ఇంకెవరూ దాన్ని ముట్టలేదు. కంపెనీ వాళ్లు తీసుకుపోయారు. ఆ వానాకాలంలోనే బస్తా ఎత్తుతూ యాదగిరి కూలబడ్డాడు. దవాఖానలో నెలలు గడిచాయి. మళ్లీ బరువు ఎత్తలేదు. చేగుంటలో చెప్పుల దుకాణం పెట్టుకున్నాడు. పట్టీ ఉంటే పడేవాడు కాదా? తెలియదు. ఆ తెలియకపోవడాన్నే ఇన్నేళ్లు అడ్డం పెట్టుకున్నాను.

నిన్న గోదాముకు కొత్త పట్టీలు వచ్చాయి, మనిషికొకటి. ఈ పొద్దున అందరి ముందు నేనే మొదట బిగించుకున్నాను. అదే ఊతం, అదే సంతోషం! పక్కవాడు కూడా తొడుక్కుని, లేచి, నా వైపు చూసి నవ్వాడు. ఇక ఆగలేకపోయాను. పని మధ్యలోనే చేగుంట బస్సెక్కాను.

యాదగిరికి అంతా చెప్పాను. అతను బల్ల అంచు పట్టుకుని మెల్లగా లేచి లోపలికి వెళ్లిపోయాడు. చాలాసేపు నిలబడ్డాను. అతను మళ్లీ బయటికి రాలేదు.

తిరుగు బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కూర్చోబుద్ధి కాలేదు. ఒళ్లు అంత తేలికగా ఉంది. అలా ఉన్నందుకు సిగ్గుగానూ ఉంది.