ఆకుపచ్చ తెర ముందు నా రంగు

దెయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. అసలు మనుషుల్నే ఒక పట్టాన నమ్మను. పాలవాడు కొలత తగ్గించాడని, పక్కింటావిడ గోడ పక్కన చేరి మా మాటలు వింటోందని అనుకునే రకం. నా అనుమానాలు చాలాసార్లు నిజమయ్యాయి కూడా. ఈ ఒక్క విషయమే ఎటూ తేలలేదు.

2002లో అమలాపురంలో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేదాన్ని. కంప్యూటర్ మీద ఫోటోలు దిద్దడం నా పని. అందులో సగం, సంబంధాలకి పంపే ఆడపిల్లల ఫోటోలు తెల్లగా చెయ్యడమే. మొహం, మెడ, చేతులు మౌస్‌తో గీసి విడదీసి, వెలుగు పెంచి, ఎరుపు కాస్త తగ్గిస్తే చామనఛాయ పిల్ల ఐదు నిమిషాల్లో దబ్బపండులా తేలేది.

అక్కడే సూర్రావు గారని ఒక పెద్దాయన ఉండేవారు. పాత రోజుల్లో నలుపు తెలుపు ఫోటోలకి కుంచెతో రంగులు వేసిన మనిషి. కంప్యూటర్ వచ్చాక ఆయనకి ఫ్రేములు కట్టడం, కౌంటర్ చూసుకోవడం మిగిలాయి. నేను బాబాయిగారూ అని పిలిచేదాన్ని. కానీ నా కుర్చీ వెనక నిలబడి చూస్తుంటే ఒళ్లు మండేది. నేనంటే ఆయనకి కడుపుమంట అని గట్టిగా అనుకునేదాన్ని.

నా సంగతికొస్తే, నేనూ నలుపే. ఉన్న రంగుతో ఫోటో పంపితే జవాబే వచ్చేది కాదు. తెల్లగా చేసి పంపితే వచ్చేవారు, చూసేవారు, "ఫోటో వేరు, పిల్ల వేరండీ" అని కాఫీ తాగి వెళ్లిపోయేవారు. రెండుసార్లు అలా అయింది. రెండోసారి బాగా ఏడ్చాను.

మూడోసారి పి.గన్నవరం సంబంధం. మళ్లీ తెల్లగానే చెయ్యమంది అమ్మ. స్టూడియోలో కొత్త డిజిటల్ కెమెరాతో తీసిన ఫోటో, కాబట్టి నెగెటివ్ లేదు. ముందు మొహం తెల్లబరిచాను. గడ్డం మీద చిన్నప్పటి గాటు చెరిపేశాను. ఆ తర్వాతే వెనక ఉన్న నీలం తెరని లేత ఆకుపచ్చకి మార్చాను. ఈ వరస గుర్తుపెట్టుకోండి. నా అసలు రంగు, ఆకుపచ్చ తెర కలిసి ఉన్న ఫోటో ఆ కంప్యూటర్లో ఒక్క క్షణం కూడా లేదు.

సూర్రావు గారు వెనకనుంచి, "ఉన్న రంగు ఉంచేయండమ్మా, మొహంలో కళ పోతోంది" అన్నారు. నేను దిద్దక ముందున్న పాత ఫైలు చెరిపేశాను. ఒక్కటే ప్రింటు తీసి, కవర్లో పెట్టి, అంటించి, కౌంటర్ సొరుగులో పెట్టి భోజనానికి వెళ్లాను. ఆ గంటసేపు అక్కడ ఉన్నది ఆయనొక్కరే. సాయంత్రం ఆ కవరే నాన్న చేత పంపించాం.

పది రోజులకి వాళ్లొచ్చారు. పెళ్లికొడుకు తల్లి నన్ను చూసి, చేతిలో ఫోటో చూసి నవ్వారు. "అచ్చం ఫోటోలో ఉన్నట్టే ఉందండీ అమ్మాయి. ఈ రోజుల్లో దాచకుండా ఎవరు పంపుతున్నారండీ?"

అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను ఫోటో అడిగి చూశాను. వెనక లేత ఆకుపచ్చ తెర. ముందు నేను, నా నలుపు రంగుతో. గడ్డం మీద గాటు కూడా ఉంది.

సంబంధం కుదిరింది. కానీ నేనే కావాలని మార్చానని అమ్మ ఇల్లు పీకి పందిరేసింది. నాకు తెలియకుండా నా మొహంతో ఎవరో ఆడుకున్నారని నాకు ఒకటే మంట. మర్నాడు పొద్దున్నే స్టూడియోలో అందరి ముందూ సూర్రావు గారిని నిలదీశాను.

"మీరే మార్చేరు బాబాయిగారూ. కవరు మీ దగ్గరే ఉంది."

"అయ్యో, నాకా మౌస్ పట్టుకోడమే రాదమ్మా. వెంకన్న మీద ఒట్టండి" అన్నారు.

మా ఓనరు ఆయన్ని మాన్పించడానికి ఎప్పటినుంచో సాకు కోసం చూస్తున్నాడు. స్టూడియోలో దొంగ పనులు కుదరవన్నాడు. ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషి కుంచెలు కాగితంలో చుట్టుకుని వెళ్లిపోయారు. ఆ సాయంత్రం నేను దిద్దిన ఫైలు తెరిచి చూశాను. అందులో మొహం నేను చేసినట్టే తెల్లగా ఉంది, గాటు లేదు. అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు.

పెళ్లయ్యాక అత్తగారి దగ్గర ఆ ఫోటో తీసుకుని భూతద్దం కింద పెట్టాను. మొహమంతా ప్రింటరు చుక్కలే, కుంచె గీత ఒక్కటీ లేదు. ఓ మూల తడి దూదితో అద్దితే ఇంకు కొద్దిగా వచ్చింది. మొహం మీద అద్దినా అంతే, అదే ఇంకు. ఎండకి రంగు మారి ఉంటుందని మా ఆయన అంటారు. మారితే చీర మారాలి, తెర మారాలి. పోనీ రంగు మారిందే అనుకుందాం, గాటు ఎలా వస్తుంది?

ఒకరోజు ఆ ఫోటో పట్టుకుని ముక్తేశ్వరంలో సూర్రావు గారింటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని ఒక షాపు బోర్డు రాస్తున్నారు. ఊళ్లో కూడా దొంగ అన్న మాట పాకిందని వాళ్లావిడ నా ముఖానే చెప్పేసింది. ఆయన మాత్రం ఫోటో వెలుగులో పెట్టి చాలాసేపు చూశారు.

"ఈ రంగు కలపడం నాకెప్పుడూ కుదర్లేదమ్మా. నేనే చేసుంటే గొప్పగా చెప్పుకునేవోణ్ణి." తర్వాత మెల్లగా అడిగారు. "ఇప్పుడైనా నమ్మేరా, నేను కాదని?"

"ఆయ్, నమ్మేనండి బాబాయిగారూ" అన్నాను. ఆయన కండువాతో కళ్లొత్తుకున్నారు. లోపలికి కేకేసి నాకు టీ పెట్టమన్నారు.

ఆయన పోయి చాలా కాలమైంది. నమ్మేనని ఆ రోజు నేను చెప్పింది అబద్ధం. ఆ ఫోటో ఇప్పటికీ మా బీరువాలో ఉంది, అదెలా జరిగిందో నాకిప్పటికీ తెలియదు. ఆయన చేసుండలేరని నాకు తెలుసు. నేను చూపించిన రుజువులన్నీ ఆయన పక్షానే ఉన్నాయి. అయినా మధ్యాహ్నం పూట ఇంట్లో ఒక్కదాన్నే ఉండి బీరువా తెరవాల్సి వస్తే, ఆయనే చేశారు, ఆయనే చేశారు అని మనసులో అనుకుంటాను. అలా అనుకోకపోతే ఆ తలుపు మీద నా చెయ్యి పడదు.