మాస్టారు ఎంచుకున్న చిన్న రెక్క

జబ్బుపడి లేచిన మాస్టారు తూకం చూసుకుని మురిసిపోయారు. చిక్కి శల్యమైనందుకు మురిసేవాళ్ళు కూడా ఉంటారా అంటే, హైడ్రోఫాయిల్ ఎక్కేవాళ్ళలో ఉంటారు. మనిషి నిలబడి కెరటాలమీద జారే పలక కింద నిలువు కడ్డీ, ఆ కడ్డీ చివర నీళ్ళలో మునిగి ఉండే రెక్క. వేగం అందుకుంటే ఆ రెక్కే మనిషిని పలకతో సహా నీటిమీదికి లేపుతుంది. మనిషి బరువును బట్టి రెక్కను ఎంచుకోవడం వాళ్ళ అలవాటు. నడిసముద్రంలో విరగకుండా పరుగెత్తే కెరటాల వేగానికి చిన్న రెక్కే అదుపులో ఉంటుంది. తేలికైన మనిషికి చిన్నది చాలు. ఇంకేం, జబ్బు తనకు మేలే చేసిందనుకున్నారు ఆ పిచ్చి మాస్టారు.

తిన్నగా ఈ పలకలూ రెక్కలూ అమ్మే బావమరిది దుకాణానికి వెళ్ళారు. వాడికి ఈ విద్య నేర్పింది ఆయనే.

"అన్నిటికన్నా చిన్నది తియ్యరా. చూడు, ఎంత తేలికయ్యానో!" అన్నారు నవ్వుతూ.

"ఏనుగు చిక్కినా ఏనుగే బావా" అని నవ్వబోయి ఆగిపోయాడు బావమరిది. చొక్కాలోంచి భుజాల ఎముకలు పొడుచుకొస్తున్నాయి. పోయింది కొవ్వు కాదు, కండ. అది ఇక తిరిగి రాదని డాక్టరు అక్కతో చెప్పాడు, అక్క వీడితో చెప్పుకుని ఏడ్చింది. మొగుడి దగ్గర మాత్రం నోరు విప్పలేదు. వీడు అడిగిన చిన్న రెక్క తీసిచ్చాడు.

"పెద్దది కూడా పడవలో వేసుకెళ్దాం" అన్నాడు.

"అది నేర్చుకునేవాళ్ళకిరా. నాకెందుకు?"

అయినా వేశాడు.

మర్నాడు నడిసముద్రంలో మాస్టారు చిన్న రెక్కతో తెడ్డు అందుకున్నారు. చేతుల్లో బలం చాలక చిన్న రెక్కకు కావలసిన వేగం అందలేదు; పలక ఊగింది కానీ లేవలేదు. కెరటం కిందనుంచి జారిపోయింది. వెనకే ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. ఊపిరందక పలకమీద బోర్లా పడిపోయారు.

కాసేపటికి తేరుకుని పెద్దది బిగించమన్నారు. దాంతో లేచారు! బావమరిది పడవలో నిలబడి వెర్రివాడిలా కేకలు పెట్టాడు. కానీ కెరటం వేగం అందుకునేకొద్దీ పెద్ద రెక్క ఇంకా పైకి ఎత్తేస్తుంది. ముందుకాలితో దాన్ని అణిచిపట్టాలి. మాస్టారి కాలు వణికింది. రెక్క నీళ్ళలోంచి బయటికొచ్చి ఆయన్ని విసిరికొట్టింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే. చిన్నదైతే లేవలేరు, పెద్దదైతే నిలవలేరు.

"మధ్యరకం ఒకటుంది బావా, తెప్పిస్తాను" అన్నాడు బావమరిది, ఆయన్ని పడవలోకి లాగి తువ్వాలు కప్పుతూ.

మాస్టారు వాడి ముఖంలోకి చూశారు. ఏ రెక్కకైనా కాళ్ళలో సత్తువ కావాలని ఇద్దరికీ తెలుసు.

"ఇక ఇది నావల్ల కాదని నీకు దుకాణంలోనే తెలుసు కదూ?"

"తెలుసు బావా."

"మరి చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పను? జబ్బుపడ్డాక నువ్వు నవ్వింది అదే మొదటిసారి."

మాస్టారు తువ్వాలులో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చారు. బావమరిది పడవను ఒడ్డువైపు తిప్పాడు.